లినక్స్ మీద సొంత వెబ్‌మెయిల్ సర్వర్: చరిత్ర

ఒక వ్యక్తి తన పేరున నమోదు చేసుకున్న డొమైనుకు వచ్చే ఈమెయిళ్లను మరో సంస్థకు అప్పగించకుండా తన లినక్స్ కంప్యూటరులోనే అందుకుని, అక్కడే భద్రపరచుకుని, ఏ ఊళ్లో ఉన్నా బ్రౌజరులో తెరిచి చదువుకునేందుకు చేసుకునే ఏర్పాటును సొంత వెబ్‌మెయిల్ సర్వర్ అంటారు. ఇది ఒకే ప్రోగ్రాము కాదు. బయటి సర్వర్లతో ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకునే మెయిల్ బదిలీ ప్రోగ్రాము, దాచిన ఉత్తరాలను అడిగినప్పుడు చూపించే ఐమ్యాప్ సర్వర్, అపాచీ వంటి వెబ్ సర్వర్, దాని మీద నడిచే వెబ్‌మెయిల్ అనే నాలుగు భాగాలు ఇందులో ఉంటాయి. పోస్టాఫీసులో సార్టింగు గది, పోస్టు బాక్సులు, కౌంటరు వేరువేరుగా ఉన్నట్టే ఇక్కడా దేని పని దానిది. ఈ భాగాలన్నీ సోర్సు కోడుతో సహా ఉచితంగా దొరికి, ఇంట్లోని మామూలు కంప్యూటరు మీద నిలకడగా నడిచే స్థితికి వచ్చింది 1995, 2007 సంవత్సరాల మధ్య.

తొలి రోజులు

ఒకే కంప్యూటరును పంచుకునేవారు ఒకరికొకరు ఉత్తరాలు వదలడం 1965లో ఎంఐటీలో మొదలైంది. 1971లో రే టామ్లిన్‌సన్ ఎట్ గుర్తును వాడి వాటిని ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి పంపారు. యూయూసీపీ పద్ధతిలో ఫోను లైన్ల మీద ఉత్తరాలు చేతులు మారిన కాలం ఆ తర్వాతిది. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ఆర్‌ఎఫ్‌సీ 821 అనే ప్రమాణ పత్రం ద్వారా ఎస్‌ఎంటీపీ అనే మెయిల్ బదిలీ నియమాలను ప్రకటించారు. 1986 జనవరిలో క్రెయిగ్ పార్ట్‌రిడ్జ్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 974 ఎంఎక్స్ రికార్డుల వాడకాన్ని ఖరారు చేసింది. ఫలానా డొమైను ఉత్తరాలను ఏ యంత్రానికి చేర్చాలో ఆ డొమైను యజమానే డొమైను పేర్ల పట్టిక అయిన డీఎన్‌ఎస్‌లో వీటి ద్వారా రాసి పెట్టుకోవచ్చు. ఈ నియమాల దృష్టిలో వేలమంది పనిచేసే సంస్థ సర్వరూ, ఒంటరి మనిషి ఇంట్లోని కంప్యూటరూ ఒకటే. సొంత సర్వర్ అన్న ఊహకు పునాది ఇక్కడే పడింది.

బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ 1979లో రాసిన డెలివర్‌మెయిల్ 1983 నాటికి సెండ్‌మెయిల్‌గా మారింది. ఆనాటి రకరకాల నెట్‌వర్కుల చిరునామాలను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చగలగడం దాని గొప్పతనం. దాని సెట్టింగుల ఫైలు మాత్రం కొత్తవారికి ఒక పట్టాన కొరుకుడుపడేది కాదు. అట్ట మీద గబ్బిలం బొమ్మతో 1993లో ఓరైలీ సంస్థ ప్రచురించిన బ్రయాన్ కాస్టేల్స్ పుస్తకం దగ్గర లేకుండా చాలామంది ఆ ఫైలు జోలికి పోయేవారు కాదు. ప్రోగ్రాము అంతా ఒకే ముక్కగా, రూట్ అధికారంతో నడవడం మరో ఇబ్బంది. 1988 నవంబరు 2న బయటపడిన మారిస్ వర్మ్ కంప్యూటర్లలోకి చొరబడిన దారుల్లో సెండ్‌మెయిల్ డీబగ్ సదుపాయం ఒకటి. 1994 మార్చిలో లినక్స్ 1.0 వచ్చేనాటికి దాని మీద మెయిలు నడపాలంటే ఎక్కువమందికి సెండ్‌మెయిల్, కొందరికి స్మెయిల్ దిక్కు.

క్యూమెయిల్, పోస్ట్‌ఫిక్స్

సెండ్‌మెయిల్‌కు ప్రత్యామ్నాయాలు మూడేళ్ల వ్యవధిలో మూడు వచ్చాయి. మొదటిది ఎక్సిమ్. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ హేజెల్ దీన్ని తమ విశ్వవిద్యాలయ అవసరాల కోసం 1995లో రాయడం మొదలుపెట్టారు. డెబియన్ లినక్స్ దీన్ని తన డిఫాల్ట్ మెయిల్ ప్రోగ్రాముగా తీసుకుంది.

రెండోది క్యూమెయిల్. గణిత శాస్త్రజ్ఞుడు డేనియల్ జె. బెర్న్‌స్టీన్ దీన్ని 1995లో మొదలుపెట్టి, 1996 జనవరిలో పరీక్షా రూపంలోనూ, 1997 ఫిబ్రవరిలో 1.0గానూ విడుదల చేశారు. 1998 జూన్‌లో వచ్చిన 1.03 చివరిది. ఒకే పెద్ద ప్రోగ్రాము స్థానంలో, ఒకదాన్నొకటి గుడ్డిగా నమ్మని చిన్న చిన్న ప్రోగ్రాములను వేరువేరు వాడుకరుల పేరున నడపడం ఆయన పద్ధతి. ఒక దానిలో లోపం దొరికినా దుండగుడు మొత్తం యంత్రాన్ని ఆక్రమించలేడు. భద్రతా లోపం చూపించినవారికి 500 డాలర్లు ఇస్తానని 1997 మార్చిలో ఆయన ప్రకటించారు.

క్యూమెయిల్ కంటే అది తెచ్చిన మెయిల్‌డిర్ పద్ధతి ఎక్కువ కాలం నిలిచింది. పాత ఎంబాక్స్ పద్ధతిలో పెట్టెలోని ఉత్తరాలన్నీ ఒకే ఫైలులో వరుసగా ఉంటాయి. ఒక ప్రోగ్రాము కొత్త ఉత్తరం చేరుస్తుండగా మరొకటి పాతది చెరిపితే ఫైలు మొత్తం పాడయ్యే ప్రమాదం ఉంది. మెయిల్‌డిర్‌లో ప్రతి ఉత్తరం విడి ఫైలు. తాళాలు వేసుకోవలసిన అవసరం లేదు, కరెంటు పోయినా రాసి ముగించిన ఉత్తరాలకు ఢోకా లేదు. అయితే మార్పులు చేసిన క్యూమెయిల్‌ను పంచిపెట్టడానికి బెర్న్‌స్టీన్ ఒప్పుకోలేదు. అందువల్ల వాడుకరులు ప్యాచ్‌లు వెతుక్కుని, కోడుకు అతికించి, తామే కంపైల్ చేసుకోవలసి వచ్చేది. 2007 నవంబరులో ఆయన దాన్ని పబ్లిక్ డొమైనులో పెట్టేసరికి చాలామంది వేరే దారి పట్టారు.

ఆ వేరే దారి పోస్ట్‌ఫిక్స్. నెదర్లాండ్స్‌కు చెందిన వీట్సె వెనెమా అప్పటికే టీసీపీ ర్యాపర్ రచయితగా, డాన్ ఫార్మర్‌తో కలిసి 1995లో శాటన్ అనే భద్రతా పరీక్షా సాధనాన్ని విడుదల చేసిన వ్యక్తిగా ప్రసిద్ధులు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఐబీఎం వాట్సన్ పరిశోధన కేంద్రంలో ఉండగా ఆయన వీమెయిలర్ పేరుతో రాసిన ప్రోగ్రామును 1998 డిసెంబరులో ఐబీఎం సెక్యూర్ మెయిలర్ పేరిట సోర్సు కోడుతో విడుదల చేశారు. పనిని విడగొట్టి నడిపే పద్ధతి క్యూమెయిల్‌ను పోలినదే. వాడుకలో మాత్రం ఇది ఎంతో స్నేహపూర్వకమైన ప్రోగ్రాము. సెండ్‌మెయిల్ ఆదేశాలనే అంగీకరిస్తుంది కాబట్టి పాత స్క్రిప్టులు మార్చనక్కర లేదు. ముఖ్యమైన సెట్టింగులన్నీ సమాన గుర్తుకు అటూ ఇటూ పేరు, విలువ ఉన్న మామూలు వాక్యాలు. ఇంట్లో సర్వర్ పెట్టుకోదలచిన వ్యక్తి పది పన్నెండు పంక్తులు రాసుకుని పని మొదలుపెట్టవచ్చు. పావు శతాబ్దం దాటినా తొలి రూపకల్పన చెక్కు చెదరకుండా నిలవడం వెనెమా ముందుచూపుకు నిదర్శనం. ఉబుంటు దీన్నే తీసుకుంది. రెడ్ హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6తో 2010లో సెండ్‌మెయిల్‌ను వదిలి దీనికి మారింది.

ఐమ్యాప్, డవ్‌కాట్

వెబ్‌మెయిల్‌కు పాప్ సరిపోదు. పాప్ సాధారణంగా ఉత్తరాలను చదివేవారి యంత్రానికి దించేస్తుంది. ఉత్తరాలూ ఫోల్డర్లూ సర్వరులోనే ఉంటూ ఎక్కడి నుంచైనా కనిపించాలంటే ఐమ్యాప్ కావాలి. మార్క్ క్రిస్పిన్ 1986లో స్టాన్‌ఫర్డ్‌లో రూపొందించిన ఈ పద్ధతికి ఆయనే తర్వాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సర్వర్ కూడా రాశారు. కార్నెగీ మెలన్‌లో పుట్టిన సైరస్ పెద్ద సంస్థలకు తగినది. ఒంటరి వాడుకరికి సామ్ వర్షావ్‌చిక్ రాసిన కొరియర్ కొంతకాలం ఆధారమైంది.

2002 జూలైలో ఫిన్లాండ్ యువకుడు టిమో సిరైనెన్ డవ్‌కాట్‌ను విడుదల చేశారు. ఎంబాక్స్, మెయిల్‌డిర్ రెండింటినీ చదువుతూ, పక్కన చిన్న సూచిక ఫైళ్లు పెట్టుకోవడం వల్ల వేల ఉత్తరాలున్న పెట్టె కూడా పాత కంప్యూటరు మీద చకచకా తెరుచుకునేది. బెర్న్‌స్టీన్ తరహాలోనే సిరైనెన్ కూడా భద్రతా లోపం చూపితే సొంత డబ్బు 1000 యూరోలు ఇస్తానన్నారు. 2006లో వచ్చిన పోస్ట్‌ఫిక్స్ 2.3 పాస్‌వర్డ్ పరీక్షను డవ్‌కాట్‌కు అప్పగించడం నేర్చుకుంది. 2007 ఏప్రిల్‌లో డవ్‌కాట్ 1.0 వచ్చింది. ఈ జంట కుదిరాక సొంత సర్వర్ పెట్టేవారికి ఏది ఎంచుకోవాలన్న తర్జనభర్జన దాదాపు ముగిసింది.

వెబ్‌మెయిల్

బ్రౌజరులో ఉత్తరాలు చదవడాన్ని జనంలోకి తెచ్చింది సబీర్ భాటియా, జాక్ స్మిత్ 1996 జూలై 4న ప్రారంభించిన హాట్‌మెయిల్. 1997 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ దాన్ని కొన్నది. అదే సౌకర్యాన్ని సొంత యంత్రం మీద కోరుకున్నవారికి 1998లో చక్ హేగెన్‌బుక్ పీహెచ్‌పీలో రాసిన ఐఎంపీ, దాని చుట్టూ పెరిగిన హోర్డ్ దొరికాయి.

నేథన్, లూక్ ఎరెస్‌మన్ సోదరులు 1999లో మొదలుపెట్టిన స్క్విరెల్‌మెయిల్ మరింత సులువైనది. దానికి డేటాబేసు అక్కర లేదు, బ్రౌజరులో జావాస్క్రిప్టు కూడా అక్కర లేదు. అపాచీ ఫోల్డరులో ఫైళ్లు విప్పి, ఐమ్యాప్ సర్వర్ చిరునామా రాసి, ప్రశ్నలడిగే ఒక స్క్రిప్టు నడిపితే చాలు. డయలప్ మోడెము మీద సైతం పేజీ త్వరగా తెరుచుకునేది. దాని స్థిరమైన విడుదలల వరుస 2011 జూలై నాటి 1.4.22తో ఆగిపోయింది.

2004 ఏప్రిల్ 1న వచ్చిన జీమెయిల్ ఒక గిగాబైటు చోటు, పేజీ మళ్లీ తెరవకుండానే కదిలే తెర చూపించి అందరి అంచనాలూ మార్చేసింది. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌కు చెందిన థామస్ బ్రూడెర్లీ రౌండ్‌క్యూబ్ మొదలుపెట్టారు. ఉత్తరాలను మౌసుతో లాగి ఫోల్డర్లలో వేసుకోవడం సొంత సర్వర్ వాడుకరులకు దీనితోనే అలవాటైంది. 1.0 వెర్షను 2014 ఏప్రిల్‌కు గాని రాలేదు. 2015లో కొత్త రూపం కోసం ప్రజల నుంచి సేకరించిన నిధులతో తలపెట్టిన రౌండ్‌క్యూబ్ నెక్స్ట్ విడుదలకు నోచుకోలేదు. అయినా పాత రౌండ్‌క్యూబే మెరుగవుతూ వచ్చి, 2023 నవంబరులో నెక్స్ట్‌క్లౌడ్ సంస్థ అండకు చేరింది.

భారతదేశంలో, తెలుగులో

1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చాక కూడా ఇళ్లలో సర్వర్ పెట్టడం కష్టమే. ఫోను లైను కాసేపే కలిసేది, ఐపీ చిరునామా ప్రతిసారీ మారేది. అటువంటివారికి ఎరిక్ రేమండ్ 1996లో చేపట్టిన ఫెచ్‌మెయిల్ అక్కరకొచ్చింది. లైను కలిసినప్పుడు సేవాదారు పెట్టెలోని ఉత్తరాలు దించి ఇంట్లోని మెయిల్ ప్రోగ్రాముకు అందించేది. పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చే సీడీల ద్వారా ఎందరో లినక్స్ ముఖం మొదటిసారి చూశారు.

ఎస్‌ఎంటీపీ మొదట ఏడు బిట్ల ఇంగ్లీషు అక్షరాలకే పరిమితం కావడం తెలుగువారికి మరో అడ్డంకి. 1990లలో తెలుగువారు ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని వాడారు. యూనికోడ్ వచ్చాక యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది. ఏడు బిట్లలో ఇమిడేలా దాన్ని కోటెడ్ ప్రింటబుల్ రూపంలో పంపితే అది తొమ్మిది అక్షరాలవుతుంది, బేస్64లో నాలుగే. తెలుగు ఉత్తరాలకు రెండోదే మేలు. చిరునామానే తెలుగులో రాసేందుకు 2012లో ప్రమాణాలు వెలువడగా, 2015 ఫిబ్రవరిలో పోస్ట్‌ఫిక్స్ 3.0 వాటిని అమలు చేసింది. చివర .భారత్ అని తెలుగులోనే ఉండే డొమైను అప్పటికే ఉంది. అంటే పేరూ డొమైనూ రెండూ తెలుగు లిపిలో ఉన్న చిరునామాకు వచ్చే ఉత్తరాలను ఇంటి సర్వరులోని పోస్ట్‌ఫిక్స్ అందుకోగలదు.

స్పామ్, నమ్మకం

సొంత సర్వర్లకు అసలు గడ్డుకాలం ప్రోగ్రాముల వల్ల రాలేదు. ఎవరి ఉత్తరాన్నైనా ముందుకు పంపే మర్యాద పాత సర్వర్లకు ఉండేది. స్పామర్లు దాన్ని వాడుకోవడంతో 1998లో సెండ్‌మెయిల్ 8.9 ఆ తలుపు మూసింది. 1997లో పాల్ విక్సీ ప్రారంభించిన ఆర్‌బీఎల్, 1998లో స్టీవ్ లిన్‌ఫర్డ్ స్థాపించిన స్పామ్‌హౌస్ చెడ్డ ఐపీ చిరునామాల జాబితాలు పెట్టాయి. వచ్చే ఉత్తరాలను వడగట్టడానికి జస్టిన్ మేసన్ 2001లో విడుదల చేసిన స్పామ్‌అసాసిన్ ఇళ్లలోనూ బాగా పనిచేసింది. పంపే ఉత్తరాల సంగతి వేరు. సర్వర్లు ఒకదానికొకటి ఉత్తరాలు పంపుకునే 25వ పోర్టును చాలా ఇంటర్నెట్ సంస్థలు ఇళ్ల నుంచి మూసేశాయి. ఇళ్లకిచ్చే ఐపీ చిరునామాలు మొత్తంగా నిషేధ జాబితాలకెక్కాయి. ఏ తప్పూ చేయని వ్యక్తి ఉత్తరం అవతలివారి స్పామ్ ఫోల్డరులో పడడం మామూలైంది. ఇది అన్యాయమే.

దానికి జవాబుగా వచ్చిన ప్రమాణాలను చిన్న సర్వర్లూ అమలు చేయగలగడం మంచి విషయం. డొమైను తరఫున ఏ యంత్రాలు ఉత్తరాలు పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ 2006లో, ఉత్తరంపై సంతకం వేసే డీకిమ్ 2007లో, ఈ రెండూ తప్పినప్పుడు ఏం చేయాలో చెప్పే డీమార్క్ 2015లో ఆర్‌ఎఫ్‌సీలుగా వెలువడ్డాయి. ఐపీ చిరునామా నుంచి పేరు చెప్పే పీటీఆర్ రికార్డు మాత్రం ఐపీ ఇచ్చిన సంస్థ చేతిలోనే ఉంటుంది. అందుకే చాలామంది ఇంటి యంత్రం వదిలి అద్దె వర్చువల్ సర్వరుకు మారారు. మరికొందరు ఉత్తరాలు ఇంట్లోనే అందుకుంటూ, పంపడానికి మాత్రం వేరే రిలే సేవను వాడుకుంటున్నారు.

ఇటీవలి కాలం

2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ వెల్లడించిన అమెరికా ప్రభుత్వ నిఘా వివరాల తర్వాత సొంత సర్వర్ల మీద ఆసక్తి పెరిగింది. అదే ఏడాది జాషువా టాబరర్ మొదలుపెట్టిన మెయిల్-ఇన్-ఎ-బాక్స్ కొత్త ఉబుంటు యంత్రం మీద పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్, రౌండ్‌క్యూబ్, డీఎన్‌ఎస్ అన్నిటినీ ఒకే ఆదేశంతో నెలకొల్పుతుంది. 2015 డిసెంబరు నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ గుప్తీకరణకు కావలసిన సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తోంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ తమకు ఉత్తరాలు పంపేవారందరికీ కనీస ధ్రువీకరణ తప్పనిసరి చేశాయి.

2025 జూన్‌లో రౌండ్‌క్యూబ్‌లో పదేళ్లుగా దాగిన తీవ్రమైన లోపం ఒకటి బయటపడింది. లాగిన్ కాగలిగిన వ్యక్తి దాని ద్వారా సర్వరు మీద తన కోడును నడపగలడు. 1.5.10, 1.6.11 వెర్షన్లలో దాన్ని సరిచేశారు. వాటికంటే పాతవి నడుపుతున్నవారు వెంటనే మార్చుకోవాలి.