మూసీ పరీవాహక ప్రాంతం – భూ వినియోగం

కృష్ణకు ఉపనది అయిన మూసీ వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండలలో జన్మించి, సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి, నల్గొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తున్నది. ఎగువన అడవులు, వర్షాధారపు కంది, ప్రత్తి, మొక్కజొన్న పొలాలు. చేవెళ్ల, మొయినాబాద్ పరిసరాలలో కూరగాయలు, పూల తోటలు ఉన్నవి.

1908 సెప్టెంబరు వరదలలో హైదరాబాద్ నగరంలో వేలాది మంది మరణించారు. వరద నివారణకు మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేసిన సూచనల మేరకు మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు నిర్మించబడినవి. ఇవి నగరానికి త్రాగునీరు కూడా అందించినవి.

వీటి రక్షణకై 1996లో జి.ఓ. 111 ద్వారా 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద నిర్మాణాలు నిషేధించబడినవి. 2022లో జి.ఓ. 69 షరతులతో ఆ ఆంక్షలను తొలగించింది. పొలాల స్థానంలో కట్టడాలు వచ్చి వాగులు పూడిపోయినచో జలాశయాలకు నీటిరాక తగ్గుతుంది; నేలలో ఇంకని వాన వరదగా మారుతుంది. కావున వాగులు, చెరువుల సంరక్షణ అత్యావశ్యకం.