మదనపల్లెయు జనగణమన గీతమును

భారత జాతీయగీతము మదనపల్లెయందే పుట్టినదని పలువురు చెప్పుదురు. ఈ ప్రవాదము సర్వసత్యము గాదు, సర్వాసత్యమును గాదు. గీతమునకు రచనము, స్వరలేఖనము, అనువాదము అను మూఁడు వ్యాపారములు వేఱువేఱుగాఁ గలవు. వీనిని వివేచించి చూచినఁగాని యా పట్టణమునకుఁ జెందవలసిన గౌరవ మెంతయో తేటపడదు. ఆ గౌరవములో భాగస్వాములు ఐర్లండుదేశమునుండి వచ్చిన కజిన్సు దంపతులు.

జేమ్సు కజిన్సు 1873వ సంవత్సరమున బెల్‌ఫాస్టు నగరమున జన్మించెను. ఆతఁడు కవి, యేట్సు మొదలగువారితోఁ గూడి ఐరిషు సాహిత్యపునరుజ్జీవనమునఁ బాల్గొనినవాఁడు. ఆతని భార్య మార్గరెట్టు 1878వ సంవత్సరమున బాయిలు అను నూర జన్మించి, సంగీతమునఁ బట్టము వడసినది. 1908వ సంవత్సరమున స్త్రీల యోటుహక్కునకై యొక సంఘమును స్థాపించినవారిలో నొకతె. అందులకై చెఱసాలకును బోయెను. అనిబిసెంటమ్మ పిలుపున వీ రిరువురును 1915వ సంవత్సరాంతమున మదరాసు రాజధానికి వచ్చిరి. జేమ్సు 'న్యూ ఇండియా' పత్రికలోఁ బనిచేయుచు, 1916వ సంవత్సరమున డబ్లిను నగరమునఁ జెలరేఁగిన తిరుగుబాటును బ్రశంసించి వ్రాయుటచే నా కొలువును గోలుపోయెను. అటుపిమ్మట మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల యాతనికి నెలవయ్యెను. స్వదేశస్వాతంత్ర్యమును గోరి వ్రాసిన వ్రాఁతయే యా కవిని రాయలసీమకుఁ జేర్చెనని చెప్పవచ్చును.

1919 ఫిబ్రవరి మాసాంతమున, దక్షిణదేశయాత్రలో నున్న రవీంద్రనాథ ఠాకూరు విశ్రాంతికై యా కళాశాలకు వచ్చి కొన్నిదినము లుండెను. ఒకనాఁటి సాయంకాలపు గోష్ఠిలో జేమ్సు ప్రార్థింపఁగాఁ దాను రచించిన జనగణమన గీతమును వంగభాషలోఁ బాడి వినిపించెను. పల్లవిని విద్యార్థులు వెంటనే యందుకొనిరి. మార్గరెట్టు పాదపాదమునకును అర్థ మడిగి తెలిసికొని, వరుసను బాశ్చాత్యస్వరలిపిలో వ్రాసి, పలువురు గూడి పాడుట కనువుగాఁ గుదిర్చెను. ఫిబ్రవరి 28వ తేదిని గవి స్వయముగా దాని నాంగ్లీకరించి, భారతదేశ ప్రాభాతగీతమను నర్థము గల పేరుంచి, చేవ్రాఁతతో నిచ్చెను. నాఁటినుండి యా గీతము కళాశాలలో నిత్యప్రార్థన మయ్యెను.

ఇఁకఁ బ్రమాణవిచారము. ఈ గీతము 1911 డిసెంబరు 27వ తేదినిఁ గలకత్తా కాంగ్రెసు మహాసభలోఁ బాడఁబడినది. 1912 జనవరిలోఁ దత్త్వబోధినీ పత్రికయందుఁ బ్రకటితమైనది. కావున రచనము మదనపల్లెది కాదు. సభలోఁ బాడిననాఁడు వరుస యుండకపోదు గనుక, మూలస్వరమును అక్కడిది కాదు. అనువాదము మాత్రము నిస్సంశయముగా నక్కడిదే. స్వరలేఖనవిషయమున నొక దృష్టాంతము చెప్పవచ్చును. పాణిని సంస్కృతమును సృజింపలేదు. లోకమునం దున్న ప్రయోగమునకు సూత్రములచే స్థైర్యమును గూర్చెను. మార్గరెట్టు చేసిన పనియు నట్టిదే. కంఠములయం దున్న వరుస లిపి కెక్కఁగా, వంగభాష నెఱుఁగనివారికిని నేర్వ సులభ మయ్యెను.

గీతభాష సంస్కృతపదబహుళ మగుటయుఁ దెనుఁగు బాలురకుఁ గొంత సుగమము. అందు 'మన' యను రూపము మాత్రము వైయాకరణులకు శంక గొల్పును. సంస్కృతమున మనశ్శబ్దము సకారాంతము. వంగభాషలో నది యకారాంతముగా వ్యవహరింపఁబడును. తెనుఁగునను మనస్సు, మనము అని రెండు రూపములును గలవు. కావున నిది దేశభాషామర్యాదయే కాని దోషము గాదు.

ఆ సంవత్సరపు వేసవి వీరికి విశ్రాంతి నీయలేదు. ఏప్రిలు 13వ తేదిని జలియన్‌వాలాబాగున ఘోరహత్యలు జరిగెను; మే మాసాంతమున ఠాకూరు 'సర్' బిరుదమును విసర్జించెను. జేమ్సు ఆ 1919వ సంవత్సరముననే జపానున కేఁగి, టోక్యో నగరమునఁ గెయియో విశ్వవిద్యాలయమున నాంగ్లసాహిత్యమును బోధించి, మఱుసటి యేఁట మరలివచ్చెను. తాను జూచిన జపానును గూర్చి 1923వ సంవత్సరమున గ్రంథమును బ్రకటించెను. మార్గరెట్టు 1922వ సంవత్సరమున మదరాసున గౌరవ మేజిస్ట్రేటు పదవిని బొందెను. 1927వ సంవత్సరమున నఖిలభారత మహిళాసభాస్థాపనమునఁ బూనికతోఁ బనిచేసెను. 1932వ సంవత్సరమున భారతీయుల వాక్స్వాతంత్ర్యమునకై చెఱసాల కేఁగెను. ఆమె 1954వ సంవత్సరమునను, జేమ్సు 1956వ సంవత్సరమునను గాలధర్మము నొందిరి.

అంతకుమున్నె 1950 జనవరి 24వ తేదిని రాజ్యాంగసభ గీతపు మొదటి చరణమును జాతీయగీతముగా నంగీకరించెను. ఐర్లండు విముక్తికై పరితపించిన యిల్లాలు భారతగీతమునకు లిపిరూప మొసఁగుటయు, వంగకవి తెనుఁగునాఁట నుండి దాని నాంగ్లమున వెలయించుటయు మదనపల్లెకుఁ జాలిన కీర్తి. జన్మస్థానమను పేరు దానికి నక్కఱలేదు. కావ్యమున నతిశయోక్తి యలంకారము. చరిత్రమున నది దోషము.