చుక్కా? డీనా?

రెండు ప్రమేయాల లబ్ధాన్ని అవకలించమంటే, దేనికది అవకలించి గుణించేసే ఇంటర్ కుర్రాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. 1675 నవంబరు 11న పారిస్‌లో 29 ఏళ్ల లైబ్నిట్జ్‌కీ ఇదే సందేహం వచ్చింది. వేసి చూసుకుని, కుదరదని తేల్చుకున్నాడు. ‘డీఎక్స్’ రూపం కుదిరింది ఆ కాగితాల్లోనే. మొదట ఎక్స్ కింద గీత గీసి, దాని కింద డీ రాశాడు. తర్వాత దాన్ని ముందుకు తెచ్చి డీఎక్స్ చేశాడు. రెండు వారాల కిందటే, ‘మొత్తం’ అనే అర్థమున్న లాటిన్ మాట ‘సుమ్మా’లోని ఎస్‌ను సాగదీసి సమాకలన చిహ్నం చేసుకున్నాడు. డీ అచ్చులో కనబడింది మాత్రం 1684లో.

న్యూటన్ విద్య ఇంకా పాతది, 1665-66 నాటిది. గుర్తులకే నిలకడ లేదు. అక్షరం నెత్తిన చుక్క పెట్టడం 1691 ప్రాంతంలో గానీ మొదలుకాలేదు. కాలంతో కదిలే రాశికి అది ముచ్చటైన బొట్టే. కానీ ఏది దేన్నిబట్టి మారుతోందో చుక్క చెప్పదు. డీవై బై డీఎక్స్ చెబుతుంది. పైగా భిన్నం కాకపోయినా భిన్నంలా నడుస్తుంది: గొలుసు సూత్రంలో మధ్యనున్న డీయూలు కొట్టేస్తే జవాబు తేలిపోతుంది. నన్నడిగితే లైబ్నిట్జ్ గెలుపంతా ఆ కొట్టివేతలోనే ఉంది.

ఎవరు ముందన్న తగాదా ముదిరాక ఇంగ్లండు చుక్కను పంతంగా పట్టుకుంది, వందేళ్లపాటు. ఈలోగా బెర్నూలీ సోదరులు, ఆయిలర్ డీతో ఎక్కడికో వెళ్లిపోయారు. 1812లో కేంబ్రిడ్జి విద్యార్థులు బాబేజ్, హెర్షెల్, పీకాక్ వగైరా డీ కోసం ఏకంగా సంఘమే పెట్టారు. మాది ‘డీ-యిజం’, విశ్వవిద్యాలయానిది ‘డాట్-ఏజ్’ అని బాబేజ్ చమత్కారం. మొదటిది ఒక మతవాదం పేరులా వినబడుతుంది. రెండోది కలిపి చదివితే ముసలి చాదస్తం! 1817లో పీకాక్ పరీక్షాధికారి కాగానే ప్రశ్నపత్రంలో డీ పెట్టేశాడు. పరీక్షలో వచ్చాక చదవక చస్తారా?

మన క్లాసుల్లో ‘ఎఫ్ డాష్’ అనే గీత లగ్రాంజ్‌ది. అనంత సూక్ష్మరాశుల గొడవే వద్దనుకున్న ఆయన, 1797 నాటి పుస్తకంలో ‘ఉత్పన్న ప్రమేయం’ అని పేరు పెట్టి ఈ గీతతో సరిపెట్టాడు.

చుక్క మాత్రం చావలేదు, యాంత్రిక శాస్త్రంలో తలదాచుకుంది. ఎక్స్ మీద ఒక చుక్క ఉంటే వేగం, రెండుంటే త్వరణం. మూడో చుక్కతో అక్కడ పెద్దగా పనిపడదు.