బండి ముందు నంబర్ ప్లేటు ఎందుకు పోయింది?

నా టూరింగ్ బండి చూడ్డానికి బాగుంటుంది, ఒక్క వెనక భాగం తప్ప. టెయిల్ లైటు కింద పొడుగాటి నల్ల ప్లాస్టిక్ ముక్క ఒకటి వేలాడుతుంది, దాని చివర పసుపు నంబర్ ప్లేటు. దాన్ని కోసేసి చిన్న బ్రాకెట్ పెడదామనుకుని, వీడియో కాల్‌లో విజయవాడలో ఉన్న తాతయ్యకి చూపించాను. ఆయనకి ఒకప్పుడు బుల్లెట్ ఉండేది.

"వెనకదేముందిరా, ముందుది చూడాలి!" అని నవ్వి అరచెయ్యి చూపించారు. బండిని వసారాలోకి ఎక్కిస్తుంటే మడ్‌గార్డ్ మీది ప్లేటు అంచు తగిలి తెగిందట. మచ్చ ఇంకా ఉంది.

నేను ఇంగ్లండ్‌లో పుట్టాను. ముందు ప్లేటు ఉన్న బండి ఎప్పుడూ నడపలేదు. అందుకే ఈ వారం నా తెలుగు అభ్యాసం దీని మీదే. తప్పులుంటే ఎప్పటిలాగే చెప్పండి.

ఇక్కడ మోటార్ కార్ చట్టం 1903లో వచ్చింది. 1904 జనవరి 1 నుంచి బండికి నంబరు తప్పనిసరి. పేరులో కారే ఉన్నా, మోటార్ సైకిళ్ళకీ అదే చట్టం. కారుకి ముందు బోలెడు చోటుంది. మోటార్ సైకిల్‌కి చక్రం తప్ప ఏముంది? అందుకని రేకు కింది అంచుని మడ్‌గార్డ్ వంపుకి సరిపోయేలా కోసి, దాని మీద నిలువుగా నిలబెట్టారు. నంబరు రెండు పక్కలా కనిపిస్తుంది. నలుపు మీద తెల్ల అక్షరాలు, చాలా బండ్లకి పెయింటరు చేత్తో రాసినవే. పాత ట్రయంఫ్, బీఎస్‌ఏ ఫొటోల్లో చూడండి, ఎంత అందంగా ఉంటుందో! నాకైతే ఇప్పటి ప్లేట్లకన్నా అదే నచ్చింది.

కానీ అది పలచటి రేకు, పైగా బండికి అన్నిటికన్నా ముందు ఉండేది. మనిషికి తగిలితే కత్తే. ఇక్కడివాళ్ళు దానికి 'పెడెస్ట్రియన్ స్లైసర్' అని పేరు పెట్టారు. 'నడిచేవాళ్ళని తరిగేది' అని నా అనువాదం. 1975లో ఆ ప్లేటు తప్పనిసరి కాదన్నారు. 2001 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టరైన బండికైతే ముందు ప్లేటు పెట్టనే కూడదు. ఒకప్పుడు లేకపోతే తప్పు, ఇప్పుడు ఉంటే తప్పు! ఇండియాలో మాత్రం ఇప్పటికీ ముందూ వెనకా రెండూ ఉండాలి. తాతయ్య బుల్లెట్ మద్రాసులో తయారైనా, డిజైన్ ఇంగ్లండ్‌దే, ఆ రేకుతో సహా.

ముందుది పోయాక ఇక్కడ బండి గుర్తంతా వెనక ప్లేటు మీదే పడింది. అక్షరాల ఎత్తు 64 మిల్లీమీటర్లు, రెండు వరసల్లో ఉండాలి, రాత్రి దాని మీద దీపం పడాలి. సరిగ్గా లేకపోతే 1,000 పౌండ్ల వరకు జరిమానా. చిన్న బ్రాకెట్ పెట్టి చూస్తే, నా బండి ప్లేటు రెండు సైడు పెట్టెల మధ్య లోపలికి పోయింది. పక్కకి జరిగితే నంబరు కనపడలేదు. ఎవరినైనా గుద్ది పారిపోయే బండిలా అనిపించింది. నాకు నచ్చలేదు.

అందుకని పాతదాన్ని కొయ్యలేదు. ప్లేటు వెనక అల్యూమినియం రేకు ఒకటి కోసి, నల్ల రంగు వేసి, అదురుకి పగలకుండా రబ్బరు వాషర్లు పెట్టి బిగించాను. ఇప్పుడు వంకర లేదు, బాగానే ఉంది.

తాతయ్యకి మళ్ళీ చూపిస్తే రంగు గురించి ఏమీ అనలేదు. "అంచులకి ఆకురాయి పట్టావా?" అని అడిగారు. ఆ మాట నాకు తెలియదు. ఆకురాయి అంటే ఫైల్, ఇనుముని నున్నగా అరగదీసేది. పట్టలేదు. ఆ సాయంత్రమే విప్పి పట్టాను.