దోర్నకల్ వేదాంత శిక్షణలో క్రమశిక్షణ

నిజాం రాజ్యపు వరంగల్ ప్రాంతంలోని దోర్నకల్‌కు 1909లో తిరునెల్వేలి నుంచి మిషనరీగా వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, గ్రామ ఉపదేశకుల, అంటే పల్లెల్లో బోధిస్తూ ఆరాధన నడిపే సంఘసేవకుల, శిక్షణలో పుస్తక విద్యతోపాటు నడవడికకూ ప్రాధాన్యమిచ్చారు. వివాహితులైన విద్యార్థులు భార్యలతో సహా వచ్చి చదువుకునేవారు. వేదపాఠంతోపాటు పొలం పనీ వారి దినచర్యలో భాగమే. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటిని పల్లెను పీడించే దయ్యాలుగా అజరయ్య ఎంచారు గనుక, వాటిని తన ఇంట్లో జయించినవాడే ఊరికి బోధించగలడన్నది ఆ క్రమశిక్షణకు ఆధారమైంది. అజరయ్య కాలం తరువాత, తెలుగునాట వేదాంత శిక్షణ కోసం 1964లో వివిధ క్రైస్తవ సంఘాలు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను స్థాపించాయి. తరువాత అది హైదరాబాదుకు తరలింది.