నిద్రపుచ్చినవాళ్ళ కథ

రాత్రి పదకొండు దాటాక మా వీధిలో దీపాలన్నీ ఆరిపోయినా, అమ్మ గదిలోంచి మాత్రం గాజుల చప్పుడు వినిపిస్తూనే వుంటుంది. పక్కమీద అటూ ఇటూ దొర్లుతోందన్నమాట. డెబ్భై అయిదు దాటిన దగ్గర్నుంచీ ఆవిడకి సరిగా నిద్ర పట్టడంలేదు.

మొన్నామధ్య మా అమ్మాయి తన సెల్‌ఫోన్‌లో నిద్ర సంగీతమని ఏదో పెట్టి, అమ్మమ్మ తలగడ పక్కన వుంచింది. వీణ, వేణువు, మధ్యమధ్య వాన చప్పుడు. అమ్మ పది నిమిషాలు విని, "బావుందే, కానీ వాన చప్పుడు వింటూంటే మేడమీద ఆరేసిన బట్టలు గుర్తొస్తున్నాయి" అంది!

నవ్వుకున్నాం గానీ, పాటతో నిద్ర తెచ్చుకోవాలన్న ఆలోచన ఇప్పటిది కాదు. రాజులూ, ప్రభువులూ ఆ పని చేశారు. మనవాళ్ళయితే ఏకంగా దేవుడికే పాడారు. ఆ కథలు తిరగేస్తూంటే నాకు నిద్రపోయినవాళ్ళకంటే, వాళ్ళకోసం మేలుకుని కూర్చున్నవాళ్ళే ఎక్కువగా కనిపించారు.

స్పెయిన్ రాజు అయిదో ఫిలిప్ సంగతే చూడండి. అంత రాజ్యం వుండీ ఆయనకి మనశ్శాంతి లేదు. పగలు పడుకునేవాడు, రాత్రంతా మేలుకునేవాడు. ఎవరితోనూ మాట్లాడడు, రాజ్యం పని చూడడు. వైద్యులు చేతులెత్తేశారు. చివరికి రాణి ఎలిజబెత్ ఫర్నీసే ఒక ఉపాయం ఆలోచించింది. ఐరోపా అంతా నెత్తిన పెట్టుకున్న ఇటలీ గాయకుడు ఫారినెల్లిని 1737లో మాడ్రిడ్‌కి పిలిపించి, రాజుగారి పక్కగదిలో పాడించింది. రాజు చెవులు నిక్కించాడు. మర్నాడూ పాడమన్నాడు. అంతే! 1746లో రాజు కన్నుమూసేదాకా, తొమ్మిదేళ్ళపాటు ఆ గాయకుడు రాత్రిళ్ళు ఆ ఒక్క శ్రోత కోసమే పాడాడు. మళ్ళీ ఏనాడూ జనం ముందు నాటకశాలలో పాడలేదు.

ఫారినెల్లిది మామూలు గొంతు కాదు. కంఠం మారకుండా చిన్నతనంలోనే శస్త్రం చేసి, పెళ్ళీ పిల్లలూ లేకుండా చేసిన గాయకుల్లో అతనొకడు. తనకంటూ జోల పాడుకునే బిడ్డ లేనివాడు, ముసలి రాజుకి జోల పాడాడు. 1770లో చార్లెస్ బర్నీ అనే ఆంగ్ల సంగీత చరిత్రకారుడు ఇటలీలో అతన్ని కలిసినప్పుడు, రాజుకి రోజూ అవే నాలుగు పాటలు పాడేవాణ్ణని చెప్పాడట.

నాలుగే పాటలా అని మగవాళ్ళు ఆశ్చర్యపోతారేమో గానీ, పిల్లల్ని పెంచిన మనకి ఆశ్చర్యం వుండదు. ఉయ్యాల దగ్గర కొత్తపాట పనికిరాదు కదూ! తెలిసిన పాటయితే తర్వాత ఏం వస్తుందోనని మనసు ఎదురుచూడక్కర్లేదు. మెల్లగా చెయ్యి వదిలేస్తుంది.

పాటకి ఆ శక్తి వుందని ఈ మధ్య శాస్త్రజ్ఞులూ ఒప్పుకున్నారు. నిద్ర సరిగా పట్టని విద్యార్థులకి హంగరీలో మూడు వారాలపాటు పడుకునేముందు 45 నిమిషాలు శాంతమైన సంగీతం వినిపిస్తే నిద్ర మెరుగుపడిందని 2008లో ప్రకటించారు. పుస్తకం చదివి వినిపించినవాళ్ళలో మాత్రం ఆ గుణం కనబడలేదట. నవలలు రాసుకునే నాకు ఇది మెచ్చుకోలో కాదో తేల్చుకోలేకపోయాను!

జర్మనీలోనూ ఇలాంటి కథే వుంది. డ్రెస్డెన్‌లో రష్యా రాయబారిగా వున్న కైజర్‌లింగ్ ప్రభువుకి నిద్రలేమి. ఆయన ఇంట్లో గోల్డ్‌బెర్గ్ అనే కుర్రాడు వుండేవాడు. రాత్రిళ్ళు పక్కగదిలో కూర్చుని వాయించడం వాడి పని. ఆ రాత్రులకోసమే బాఖ్ మహాశయుడు 1741లో అచ్చయిన ముప్ఫై వరుసల సంగీతం కట్టాడనీ, ప్రభువు బంగారు గిన్నెనిండా నూరు బంగారు నాణాలు బహుమతి ఇచ్చాడనీ ఫోర్కెల్ 1802లో రాశాడు. అచ్చుప్రతిలో ప్రభువు పేరే లేదు, అప్పటికి గోల్డ్‌బెర్గ్‌కి పధ్నాలుగేళ్ళే కాబట్టి ఈ కథని నమ్మలేమంటారు పండితులు. నిజమో కాదో గానీ, బాఖ్‌కి ఏమిచ్చారో చెప్పిన కథ, అర్ధరాత్రి కళ్ళు నులుముకుంటూ లేచి వాయించిన కుర్రాడికి ఏమిచ్చారో చెప్పదు. పాపం, ఆ గోల్డ్‌బెర్గ్ ఇరవై తొమ్మిదేళ్ళకే పోయాడు.

ఇక మన తిరుమలకి వద్దాం. రోజంతా జనానికి దర్శనమిచ్చి అలిసిపోయిన స్వామికి రాత్రి చివరి సేవ ఏకాంతసేవ. భోగ శ్రీనివాసమూర్తిని వెండి గొలుసుల పట్టెమంచం మీద పవళింపజేస్తారు. ఆ వెండి విగ్రహాన్ని సమర్పించింది సామవై అనే పల్లవ రాణి. అయిదువందల ఏళ్ళనాటి అన్నమయ్య లాలిపాటని ఆ తాళ్ళపాకవారి వంశీకులే పాడతారు. అక్కడా రోజూ పాతపాటే సుమా!

ఆ సేవలోనే తరిగొండ వెంగమాంబ పేరున ముత్యాల హారతి ఇస్తారు. వెంగమాంబ (1730–1817) చిన్నతనంలోనే భర్తని పోగొట్టుకుంది. బొట్టూ, పువ్వులూ తియ్యనంది. వేంకటేశ్వరుడే నా భర్త అంది. లోకం ఎన్ని మాటలన్నా లెక్కచెయ్యక కొండ చేరుకుని, కావ్యాలు రాసుకుంటూ, రాత్రిళ్ళు స్వామికి హారతి పట్టింది. శుభకార్యాల్లో ఎదురు రావద్దని ఆ రోజుల్లో ఎవరిని తప్పించేవారో మనకి తెలుసు. అలాంటి ఆడదాని హారతే ఈనాటికీ ఆ గర్భగుడిలో ప్రతిరాత్రీ వెలుగుతోంది. ఇది చదివినప్పుడల్లా నా కళ్ళు చెమరుస్తాయి.

ఇవన్నీ తలుచుకుంటూ మళ్ళీ అమ్మ గదిలోకి వెళ్ళాను. మేం నలుగురం పిల్లలం. నలుగురికీ అమ్మది ఒకటే రామయ్య లాలి. పగలంతా చాకిరీచేసి, ఒక చేత్తో ఉయ్యాల తాడు లాగుతూ, కునికిపాట్లు పడుతూనే పాట మాత్రం ఆపేది కాదు. అమ్మకి ఎవరైనా పాడారా? అమ్మమ్మ పోయాక ఎవరూ పాడివుండరు. నలభై ఏళ్ళలో నాకైనా తోచలేదు.

ఫోన్ కట్టేసి, పక్కన కూర్చుని ఆ లాలే అందుకున్నాను. నా గొంతు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. రెండో చరణంలో మాట తప్పాను. అమ్మ కళ్ళు తెరవకుండానే దిద్దింది. పాట అయ్యేసరికి గాజుల చప్పుడు ఆగిపోయింది. దుప్పటి సరిచేసి, దీపం ఆర్పి చప్పుడు కాకుండా వచ్చేశాను.

నిజంగానే నిద్రపోయిందో, పొద్దున్నే లేవాల్సిన దాన్ని నేను వెళ్ళి పడుకుంటానని కళ్ళు మూసుకుందో, అమ్మకే తెలియాలి!