దెబ్బకు చప్పుడు తోడైనప్పుడు: తొలి టాకీల కాలపు స్లాప్‌స్టిక్ లఘుచిత్రాల ఆకర్షణ

1929 నుంచి 1930ల చివరి వరకు హాలీవుడ్‌లో రెండు రీళ్ల హాస్యచిత్రాలు విరివిగా తయారయ్యాయి. ఒక్కొక్కటి ఇంచుమించు 20 నిమిషాలు నడిచేది. అసలు సినిమాకు ముందు వార్తాచిత్రంతోనో కార్టూన్‌తోనో కలిపి వీటిని వేసేవారు. ప్రేక్షకుడు టికెట్టు కొనేది వీటి కోసం కాదు గనుక, కథ బిగువుగా లేకపోయినా నిర్మాతకు బెంగ ఉండేది కాదు. హాల్ రోచ్, మాక్ సెనెట్, కొలంబియా సంస్థల చేతుల్లో ఈ తరహా పెరిగింది.

విమర్శకులు మాత్రం వీటిని చిన్నచూపే చూశారు. 1949లో జేమ్స్ ఏజీ ‘లైఫ్’ పత్రికలో రాసిన ప్రసిద్ధ వ్యాసం మూకీల కాలాన్నే హాస్యానికి స్వర్ణయుగంగా నిలబెట్టింది. మాట వచ్చి ఆటను చెడగొట్టిందన్న అభిప్రాయం ఆ తర్వాత చాలాకాలం పాతుకుపోయింది. చాప్లిన్, కీటన్‌ల విషయంలో అందులో కొంత నిజం లేకపోలేదు. లఘుచిత్రాలకు దాన్ని వర్తింపజేయడమే పొరపాటు. వాటికి ధ్వని తెచ్చిన లాభం సంభాషణల్లో కనిపించదు, పడటంలోనూ కొట్టడంలోనూ వినిపిస్తుంది.

దీని వెనుక ఒక సాంకేతిక కారణం ఉంది. మూకీ హాస్యాన్ని తక్కువ వేగంతో చిత్రించి ఎక్కువ వేగంతో చూపేవారు. మనుషులు బొమ్మల్లా చకచకా పరుగెత్తేవారు, బరువన్నది లేనట్టు ఎగిరిపడేవారు. టాకీలో శబ్దం సరిగా రావాలంటే ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున కచ్చితంగా నడవాలి. దాంతో ఆ మాయ పోయింది, నటుడి శరీరానికి దాని అసలు బరువు తిరిగి వచ్చింది. లావుపాటి మనిషి పడితే పడటానికి పట్టేంత సమయమూ పట్టింది, నేల అదిరిన చప్పుడూ వినిపించింది. వేగాన్ని నమ్ముకున్న హాస్యనటులు తడబడ్డారు. మూకీల నాడే తొందర లేకుండా ఆడటం అలవాటైన స్టాన్ లారెల్, ఆలివర్ హార్డీ మాత్రం నిలదొక్కుకున్నారు. 1929 మేలో వచ్చిన వారి తొలి టాకీ ‘అన్‌అకస్టమ్డ్ యాజ్ వుయ్ ఆర్’ చివర్లో లారెల్ మెట్ల మీద నుంచి దొర్లిపోతాడు. ఆ దృశ్యం తెర మీద ఉండదు. చప్పుడు వినిపిస్తుంది, దాన్ని వింటున్న హార్డీ ముఖం కనిపిస్తుంది. పడటాన్ని దాచి నవ్వించడం మూకీకి సాధ్యమయ్యే పని కాదు.

ఈ తేడా ‘ది మ్యూజిక్ బాక్స్’లో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 1927లో ఈ జంటే ‘హ్యాట్స్ ఆఫ్’ అనే మూకీలో లాస్ ఏంజెలస్‌లోని ఒక పొడవాటి మెట్లవరుస మీదికి బట్టలుతికే యంత్రాన్ని మోసుకెళ్లింది. ఆ చిత్రం ఇప్పుడు దొరకదు. 1932లో అవే మెట్ల మీదికి మళ్లీ బరువెక్కించారు. ఈసారి చెక్కపెట్టెలో బిగించిన పియానో. మార్చింది వస్తువును ఒక్కదాన్నే అయినా ఆ ఎంపికలోనే టాకీ తెలివి ఉంది. పెట్టె జారిన ప్రతిసారీ లోపలి తీగలు కలగాపులగంగా మోగుతాయి. కంటికి కనిపించని పియానో తన బాధను తానే చెప్పుకుంటున్నట్టుంటుంది. పైకి చేరాక, వెనకవైపు బండి వచ్చే దారి ఉందని పోస్ట్‌మన్ చెబుతాడు. ఇద్దరూ పెట్టెను మళ్లీ కిందికి దించి, ఆ దారిన తెస్తారు. చివర్లో ఇంటి యజమాని గొడ్డలితో పియానోను నరుకుతుండగా అందులోంచి అమెరికా జాతీయగీతం మోగుతుంది. అంతే, అందరూ ఆగి సెల్యూట్ చేసి నిలబడతారు. మూడు రీళ్ల ఈ చిత్రానికి హాస్య లఘుచిత్రాల విభాగంలో తొలి ఆస్కార్ దక్కింది.

కొలంబియాలో త్రీ స్టూజెస్ పట్టిన దారి వేరు. 1934 నుంచి 1959 వరకు వారి లఘుచిత్రాలు 190 విడుదలయ్యాయి. ముగ్గురిలో ఒకడైన మో కన్ను పొడిస్తే తీగ మీటిన నాదం, పొట్టలో గుద్దితే పెద్ద డోలు మోత. నిజంగా కొడితే ఇలాంటి చప్పుళ్లు రావు. రాకపోవడమే ఇక్కడ కీలకం. శబ్దాన్ని తీసేసి చూస్తే ఆ దెబ్బలు క్రూరంగానే ఉంటాయి. కృత్రిమ ధ్వని కలిసేసరికి దెబ్బ మనిషిది కాకుండా వాయిద్యానిదవుతుంది, చూసేవాడికి జాలిపడే పని తప్పుతుంది. ‘పంచ్ డ్రంక్స్’ (1934)లో ధ్వనే కథను నడుపుతుంది. ఒక పిల్లల పాట వినిపిస్తే చాలు, బృందంలోని కర్లీకి వెర్రి ఆవేశం వచ్చి ఎదుటివాణ్ని చితకబాదుతాడు. ఆ బలహీనతను పట్టుకుని అతన్ని బాక్సింగ్ బరిలోకి దింపుతారు.

తెలుగువారికి ఈ సూత్రం కొత్తది కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క కొట్టుకునేటప్పుడు తెర వెనుక ఆటగాళ్లు కాళ్ల కింద చెక్కలు తొక్కి చప్పుడు చేస్తారు. తోలుబొమ్మకు నొప్పి లేదు గనుక ఎంత పెద్ద చప్పుడైతే అంత నవ్వు. అయినా 1932లో ‘భక్త ప్రహ్లాద’తో మొదలైన తెలుగు టాకీ ఈ వారసత్వాన్ని విడి లఘుచిత్రాలుగా పెంచలేదు. పౌరాణికానికి మూడు గంటలిచ్చి, హాస్యాన్ని అందులో ఒక పాయగా ఇమిడ్చింది. లావుపాటి రేలంగి, బక్కపలచని రమణారెడ్డి కలిసి కనిపించిన సన్నివేశాల్లో లారెల్-హార్డీల శరీర వైరుధ్యమే పనిచేసింది. ‘మాయాబజార్’ (1957)లో గిల్పం, గింబళి అనే మాయవస్తువులు శర్మ, శాస్త్రులను ముప్పుతిప్పలు పెట్టే ఘట్టాన్ని విడదీసి చూస్తే చక్కని లఘుచిత్రమే. పియానో పెట్టె లాగే అక్కడా వస్తువులు మనుషుల మీద తిరగబడతాయి.

ఈ హాస్యం భాషల ఎల్లలు దాటుతుందన్న మాటను కొంచెం నిదానించి ఒప్పుకోవాలి. తొలి రోజుల్లో రోచ్ సంస్థ లారెల్-హార్డీల చేత స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్ మాటలను ఉచ్చారణ ప్రకారం పలికించి, ఒకే చిత్రాన్ని పలుమార్లు తీసింది. ఖర్చు పెరగడంతో ఆ పద్ధతి త్వరగానే ఆగింది. అరబ్బీ ఆ జాబితాలో లేదు. బహ్రెయిన్‌లాంటి చోటును తలచుకుంటే ఆ మాట ఎంతవరకు నిజమన్న ప్రశ్న పదునెక్కుతుంది. ‘ది మ్యూజిక్ బాక్స్’ వచ్చిన 1932లోనే అక్కడ జబల్ దుఖాన్ వద్ద చమురు పడింది, 1936లో శుద్ధి కర్మాగారం వెలిసింది. చమురు కంపెనీ అవాలీలో ఊరు కట్టింది. అమెరికన్లు, బ్రిటిష్‌వారు, అరబ్బులు, ఇరానీలు, భారతీయులు ఒకే పని చుట్టూ చేరారు. తర్వాతి దశాబ్దాల్లో తెలుగు కార్మికులూ ఆ ద్వీపానికి చేరుకున్నారు. ఇన్ని భాషల సమూహానికి కొలంబియాలో స్టూజెస్ తొలి చిత్రం ‘వుమన్ హేటర్స్’ (1934) పెద్దగా అందదు. అందులో సంభాషణంతా ఇంగ్లీషు అంత్యప్రాసల్లో నడుస్తుంది. అదే ఏటి ‘మెన్ ఇన్ బ్లాక్’లో ఆసుపత్రి లౌడ్‌స్పీకర్ ముగ్గురు డాక్టర్ల పేర్లను పదేపదే పిలుస్తుంది. అక్కడ ఇంగ్లీషు రాకపోయినా నష్టం లేదు, పిలుపు లయే నవ్విస్తుంది. ఎల్లలు దాటేది మూగ అభినయం ఒక్కటే కాదు, అర్థంతో పనిలేని శబ్దం కూడా దాటుతుంది. మాటల చమత్కారం మాత్రం ఒడ్డునే ఆగిపోతుంది.

ఆకర్షణ తగ్గడం వల్ల ఈ తరహా ఆగిపోలేదు. ఒకే టికెట్టుకు రెండు పెద్ద సినిమాలు చూపే పద్ధతి బలపడి, ప్రదర్శనలో లఘుచిత్రానికి చోటు లేకుండా చేసింది. 1935లో రోచ్ లారెల్-హార్డీల లఘుచిత్రాలకు స్వస్తి చెప్పి, వారిని పూర్తి నిడివి చిత్రాలకు మళ్లించాడు. కొలంబియా 1950ల దాకా లాగింది గానీ, చివరి ఏళ్లలో పాత చిత్రాల ముక్కలనే మళ్లీ అతికించి కొత్తవిగా విడుదల చేసింది. వాటిలో నీరసం దాగదు. 1958లో స్టూజెస్ పాత చిత్రాలు అమెరికా టెలివిజన్ కేంద్రాలకు చేరాయి. ఆనాటి చిన్న తెర మీద మెట్లవరుస పొడవు తెలియకపోవచ్చు, డోలు మోత మాత్రం చిన్న స్పీకరులోంచీ స్పష్టంగా వినిపించింది. 1930ల్లో పుట్టని పిల్లలు స్టూజెస్‌కు కొత్త ప్రేక్షకులయ్యారు. కొలంబియా ఒప్పందం ముగిసి పని లేకుండా ఉన్న ఆ బృందం దాంతో మళ్లీ సినిమాల్లోకి వచ్చింది.